యూనివర్సిటీ గేటు లోపల మన వాటా

(సంఘం జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర మీద, పంటల బీమా మీద మాట్లాడుకున్నాం. ఇప్పుడు గుంటూరు పక్కన లాంలో ఉన్న మన వ్యవసాయ విశ్వవిద్యాలయం సంగతి చూద్దాం. 1964లో పుట్టిన ఆ సంస్థకు 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రైతు ఉద్యమం నడిపిన మనిషి పేరది. కిసాన్ మేళా రోజున తప్ప మనలో ఎంతమంది ఆ గేటు దాటాం? చేతులెత్తండి అంటే ఇబ్బంది పడతారు. మేమూ మొన్నమొన్నటి దాకా ఆ లెక్కలోనే ఉన్నాం.

దాని వల్ల మనకు ఒరిగిందేమీ లేదని అనలేం. మార్టేరు పరిశోధనా స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి ఇవాళ్టికీ మన చేలల్లో ఉన్నాయి. మన గొడవ విత్తనం గురించి కాదు. ఏ సమస్య మీద పని చేయాలో తేల్చేచోట మనం లేకపోవడం గురించి.

2021 మిరప ఎవరూ మరిచిపోలేదు కదా. నల్ల తామర పురుగు పూతలో దూరింది. పూత రాలింది, కాయ వంకర తిరిగింది. తోటలకు తోటలే దున్నేశారు. ఆ పురుగును మన దేశంలో 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. అంటే మన తోటల్ని ముంచడానికి ఆరేళ్ల ముందే దాని పేరు తెలిసినవాళ్లున్నారు. మనకు మొదట చెప్పింది ఎవరు? పురుగుమందుల కొట్టాయన. ఆయన చెప్పిన మందల్లా కొట్టాం, వారానికి రెండుసార్లు కొట్టాం. పురుగును తినే మిత్ర పురుగులు చచ్చాయి, తామర పురుగు బతికింది, మన బాకీ పెరిగింది. శాస్త్రవేత్తలు నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేప నూనె వాడమన్నారు, మందు మీద మందు కలిపి కొట్టొద్దన్నారు. ఆ మాట చాలా ఊళ్లకు చేరేసరికి చేలో మిగిలింది కట్టె. తప్పు వాళ్లదొక్కళ్లదే అనం. ఆ మాట పలికేచోట మన చెవి లేదు.

అది ఎక్కడ పలుకుతారో చెప్తాం, రాసుకోండి. ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి. పొట్టిగా జడ్‌రియాక్ అంటారు. ఖరీఫ్‌కు ముందు ఒకసారి, రబీకి ముందు ఒకసారి కూర్చుంటారు. మన కృష్ణా మండలానికి లాం, గోదావరి మండలానికి మార్టేరు, రాయలసీమ వర్షాభావ ప్రాంతానికి నంద్యాల ముఖ్య కేంద్రాలు. శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులు, కొందరు రైతులు ఉంటారు. పోయిన కారులో ఏమైంది, వచ్చే కారులో ఏ ప్రయోగం పెట్టాలి అనేది అక్కడ నడుస్తుంది. రైతుల కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? సాధారణంగా అధికారులకు ముఖపరిచయం ఉన్న నలుగురు. వాళ్లను తప్పుబట్టడం లేదు. కానీ ముప్పై ఎకరాల ఆసామి అడిగే ప్రశ్న, రెండెకరాలు కౌలుకు చేసే ఆమె అడిగే ప్రశ్న ఒకటి కాదు.

ఓ అనుభవం చెప్తాం, చోటు పేరు అనవసరం. మన సంఘం నుంచి ఐదుగురం ఒక సదస్సుకు వెళ్లాం. తెర మీద అన్నీ ఇంగ్లీషు బొమ్మలు. గంటన్నర కూర్చున్నాం. సంచీ ఇచ్చారు, పెన్ను ఇచ్చారు, ఫొటో తీశారు. భోజనాల ముందు మనతో వచ్చిన ఒక అక్క లేచి, "అయ్యా, మా చేలో మినుము పల్లాకు తెగులుతో పసుపెక్కింది. మీరు చెప్పినదాంట్లో దానికేమన్నా ఉందా?" అంది. హాలు నిశ్శబ్దం. తర్వాత ఒక కుర్ర శాస్త్రవేత్త వచ్చి మా పక్కన కూర్చుని, తెల్లదోమ ఆ వైరస్‌ను ఎలా మోస్తుందో, తట్టుకునే రకం ఎందుకు ఎంచుకోవాలో, తొలి దశలో తెగులు మొక్కల్ని ఎందుకు పీకేయాలో తెలుగులో అరగంట చెప్పాడు. ఆ రోజు మేం తెచ్చుకున్నదల్లా ఆ అరగంటే. అక్క అడక్కపోతే అదీ దక్కేది కాదు.

కొత్త రకాన్ని విడుదల చేసేముందు రైతుల చేలల్లో పరీక్షించడానికి మినీకిట్లు ఇస్తారు. మన చౌడు నేలకు, మన కాలువ చివరి భూమికి కూడా ఆ సంచి రావాలి. ఒడ్డున నీళ్లున్న చేలోనే పరీక్షిస్తే చివరి భూమి సంగతి ఎవరికి తెలుస్తుంది? నాలుగో ఏడు చదివే పిల్లలు గ్రామీణ అనుభవం కోసం ఊళ్లలో కొన్ని నెలలు ఉంటారు. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపేయకండి. మీ లెక్కల పుస్తకం చూపించండి, చేలోకి తీసుకెళ్లండి.

ఇక నిధుల మాట. ఇక్కడ మోసపోయేవాళ్లు ఎక్కువ కనుక జాగ్రత్తగా వినండి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి అని 2020లో కేంద్రం పెట్టింది. అది గ్రాంటు కాదు, బ్యాంకు అప్పు. 2 కోట్ల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ, 7 ఏళ్ల వరకు. గోదాము కట్టాలంటే పనికొస్తుంది, కానీ తిరిగి కట్టాలి. అదే ఏడాది వచ్చిన రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో ఒక్కో సంస్థకు మూడేళ్లలో 18 లక్షల దాకా నిర్వహణ సాయం ఉంది. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద, వ్యవసాయ వ్యాపార ఆలోచన ఉన్న పిల్లలకు తొలి దశలో 5 లక్షల దాకా, తర్వాతి దశలో 25 లక్షల దాకా గ్రాంటు వచ్చే ఏర్పాటు చేశారు. మన వాటా కొంత పెట్టాలి. దరఖాస్తు ఇంక్యుబేషన్ కేంద్రాల ద్వారానే పోవాలి. మధ్యలో కమిషన్ అడిగేవాడు కనిపిస్తే సంఘానికి చెప్పండి. ప్రాజెక్టు నివేదిక రాయడం రాకపోతే దళారి దగ్గరికి పోకుండా ముందు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

కౌలు రైతు మిత్రులు ఇంతసేపూ ఒకటి గమనించే ఉంటారు. అప్పు దగ్గర భూమి కాగితం అడుగుతారు. సాగుదారు హక్కు పత్రానికి యజమాని సంతకం అడుగుతారు. చివరికి వ్యవసాయ బి.ఎస్సీ.లో రైతుబిడ్డల కోటాకు కూడా పల్లెలో చదువుతో పాటు కనీసం ఎకరం భూమి ఉండాలన్నారు. ఎండలో నిలబడి సాగు చేసేవాడి బిడ్డ రైతుబిడ్డ కాదట! దీని మీద వినతిపత్రం రాసి తెచ్చాం, మధ్యాహ్నం చదివి తీర్మానం చేద్దాం. అయితే సదస్సులో కూర్చుని ప్రశ్న అడగడానికి పాసుపుస్తకం అక్కర్లేదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేసినా పట్టా ఎవరూ అడగరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మన వంతు పని ఇది. ప్రతి మండల కమిటీ తమ ఊళ్ల నుంచి మూడే మూడు ప్రశ్నలు రాయాలి. "దిగుబడి తగ్గింది" అని కాదు. ఏ పంట, ఏ రకం, ఏ నేల, ఎప్పుడు విత్తారు, ఏం కొట్టారు, ఎన్నాళ్లకు ఏమైంది, అన్నీ ఉండాలి. వాటిని కలిపి వచ్చే ఖరీఫ్ సమావేశానికి ముందే పరిశోధనా స్థానం అధిపతికి ఇచ్చి రసీదు తీసుకుందాం. మన ప్రతినిధుల్ని, అందులో ఒక కౌలు రైతునూ ఒక మహిళా రైతునూ, కూర్చోనివ్వమని అడుగుదాం. మొదటిసారి ఒప్పుకోకపోవచ్చు. రబీకి మళ్లీ అడుగుదాం.

బయట బల్ల మీద మట్టి నమూనాల సంచులు పెట్టాం. టీకి వెళ్లేటప్పుడు తలొకటి తీసుకోండి. చేలో ఎనిమిది, పది చోట్ల ఇంగ్లీషు వి ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, అంచు మట్టి గీకి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో మిగిల్చండి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట తీయొద్దు. నీడలో ఆరబెట్టండి. పేరు, సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట చీటీ మీద రాయండి. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు రాసి పెట్టండి. పదిహేనో తేదీ లోపు ఆఫీసులో ఇస్తే ఒకే ఆటోలో లాం తీసుకెళ్తాం.