తీరవర్తకము – స్వదేశ నౌక

(సభలో గావించిన యుపన్యాసము)



ఒక దేశపు రేవునుండి ఆ దేశపు మఱియొక రేవునకు సరుకు మోయు హక్కు ఎవరిది? ఇది వర్తకుల లెక్కలకు సంబంధించిన విషయమని కొందఱు తలంతురు. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఇది స్వామిత్వమునకు సంబంధించిన ప్రశ్నగా తోచుచున్నది. తన యింటి వసారానుండి పెరటిలోనికి పోవుటకు పొరుగువాని పల్లకి కెదురుచూచు గృహస్థు ఆ యింటికి యజమాని యెట్లగును?

ఇంగ్లండు 1651లో నౌకాయాన శాసనము గావించి పరదేశపు టోడలను నిరోధించెను. తన నౌకాబలము సముద్రముల నాక్రమించిన పిదపనే, 1849లో, ఆ శాసనములను తొలగించెను. మనకు స్వేచ్ఛావర్తకము నుపదేశించిన గురువుల పూర్వాశ్రమ మిది! అమెరికా సంయుక్త రాష్ట్రములు 1920లో జోన్సు చట్టముచే తమ రేవుల నడుమ సాగు సరుకును తమ దేశమున కట్టి, తమ పౌరుల స్వాధీనమున నుండి, తమ నావికులు నడుపు నోడలకే ప్రత్యేకించినవి. ఆ చట్టము నేటికిని అమలులో నున్నది.

మన కథ వేఱు. 1906లో తూత్తుకుడియందు వి. ఓ. చిదంబరం పిళ్ళెగారు స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి కొలంబోకు ఓడలు నడపిరి. బ్రిటిషు కంపెనీవారు బాడుగలు దించి పోటీ చేసిరి. 1908లో పిళ్ళెగారిని ప్రభుత్వము రాజద్రోహ నేరమున చెఱసాలకు పంపెను, కంపెనీ నిలువలేదు. 1919లో ఏర్పడిన సింధియా కంపెనీ నిలిచినది గాని బాడుగల పోరు దానికిని తప్పలేదు. తీరవర్తకమును స్వదేశ నౌకలకు ప్రత్యేకింపవలయునని 1928లో ఎస్. ఎన్. హాజీగారు కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చిరి. అది శాసనము కాలేదు. 1935 ఇండియా ప్రభుత్వ చట్టపు 115వ సెక్షనో, బ్రిటిషు ఓడలకంటె భారతీయ నౌకల కనుకూలముగా భేదము చూపరాదని కట్టడి చేసెను. మన సముద్రమున మన ఓడకు మేలుచేయుట నిషిద్ధమన్నమాట!

ఆ సంకెల స్వాతంత్ర్యముతో తెగినది. 1948 మార్చి 14న విశాఖపట్టణమున కట్టిన 'జల ఉష'కు నెహ్రూగారు జలప్రవేశము చేయించిరి. పరదేశపు టోడ లైసెన్సు లేనిదే తీరవర్తకము చేయరాదని 1958 వాణిజ్య నౌకా చట్టము శాసించెను. 2025 తీర నౌకాయాన చట్టమును ఆ సూత్రమునే నిలిపినది.

అయితే ప్రతిపక్షము వాదమును వినకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు. పోటీ లేనిచోట బాడుగ పెరుగును. ఆ భారము ముందుగా ద్వీపవాసులపై బడును. 2017లో మరియా తుపాను ప్యూర్టోరికోను ధ్వంసము చేసినపుడు అమెరికా ప్రభుత్వమే జోన్సు చట్టమును అచ్చట 10 దినములు సడలించినది. మన అండమానులకును సరుకు సముద్రముమీదనే పోవలయును. కావున ఈ రక్షణము ఓడ యజమానికి దేశమిచ్చిన కానుక కాదు, ధర్మకర్తృత్వము. దానిని పొందినవాడు చాలినన్ని ఓడలు నడుపవలయును. బాడుగ న్యాయముగా నుంచవలయును. మన కళాసులకు జీవనోపాధి చూపవలయును.

శాసనముండి రేవున మన ఓడ లేకున్న లైసెన్సు పరదేశికే పోవును. శాసనమే లేకున్న, యుద్ధకాలమున పరదేశపు టోడ తన దేశపు పిలుపునకు మరలిపోవును. మన సరుకు రేవుననే కుళ్ళును. శాసనమును విడువరాదు, శాసనముతోనే తృప్తి పడరాదు. ఓట్లకై వచ్చు ప్రతినిధులను మనమడుగవలసిన దొక్కటే: ఏటేట మనము కట్టిన ఓడలెన్ని?