ఇల్లు నిలిపిన సాయం, నిలపని సాయం



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ పెద్దాయన ఉద్యోగ జీవితమంతా గృహరుణాల విభాగంలోనే గడిచింది. వాయిదా తప్పినవాళ్ళ ఫైళ్ళు ఆయన బల్ల మీదికి వచ్చేవి. అందుకే ఈ ఏటి ప్రసంగానికి అలాంటి ఫైళ్ళ చరిత్రనే ఎంచుకోవడం సముచితం. ఇళ్ళ ధరలు కూలినప్పుడు, జీతాలు ఆగినప్పుడు, అప్పు మీద ఇల్లు కొన్నవాణ్ణి ప్రభుత్వం ఎలా ఆదుకుంది? ఈ ప్రశ్నకు అమెరికా తొంభై ఏళ్ళలో మూడు రకాల జవాబులు చెప్పింది.

నెలనెలా వడ్డీతో పాటు అసలూ తరుగుతూ పోయే నేటి ఈఎంఐ 1920ల నాటి అమెరికాలో అంత సాధారణం కాదు. చాలా ఇంటి అప్పులకు మూడు నుంచి ఐదేళ్ళే గడువు. ఇంటి విలువలో సగం దాకా కొనేవాడే పెట్టుకోవాలి. గడువులోపల కట్టేది వడ్డీ మాత్రమే, గడువు తీరిన రోజున అసలంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ రోజున డబ్బు కట్టేవాళ్ళు తక్కువ, కాగితం తిరగరాయించుకునేవాళ్ళే ఎక్కువ. బ్యాంకు బాగున్నంతకాలం ఇదంతా సజావుగా నడిచింది. 1929 తర్వాత వేల బ్యాంకులు మూతపడ్డాయి. మిగిలినవి కాగితం తిరగరాయం, అసలు కట్టమన్నాయి. ఉద్యోగం పోయినవాడు అసలెక్కడ తెస్తాడు? 1933 నాటికి రోజుకు సుమారు వెయ్యి ఇళ్ళు జప్తవుతున్నాయి.

జనం ఊరుకోలేదు. అయోవా రాష్ట్రంలో పొలాలు వేలానికి వస్తే రైతులు గుంపుగా వెళ్ళి, బయటివాళ్ళెవరినీ పాడనివ్వకుండా, చిల్లర పైసలకు పాట ముగించి, ఆస్తిని సొంతదారుకే తిరిగి ఇచ్చేవారు. 1933 ఏప్రిల్‌లో లెమార్స్ పట్టణంలో వ్యవహారం ఇంకా ముదిరింది. జప్తు ఉత్తర్వుల మీద ఇకముందు సంతకం చేయనని మాట ఇవ్వమంటే న్యాయమూర్తి చార్లెస్ బ్రాడ్లీ ఒప్పుకోలేదు. ఆయన్ను కోర్టు నుంచి ఈడ్చుకెళ్ళి మెడకు ఉరితాడు తగిలించారు. ప్రాణం తీయలేదు కానీ, గవర్నరు ఆ కౌంటీలో సైనిక పాలన విధించవలసి వచ్చింది.

అదే నెలలో పక్కనున్న మిన్నెసోటా శాసనసభ ఒక చట్టం చేసింది. ఇల్లు వేలమైపోయినా, బాకీ తీర్చి విడిపించుకునే గడువును కోర్టు పొడిగించవచ్చు, అయితే ఆ కాలానికి ఇంటివాడు న్యాయమైన అద్దెలాంటి మొత్తం కట్టాలి. మినియాపొలిస్‌లో ఒక ఇంటివారు ఈ చట్టం కింద గడువు కోరితే అప్పిచ్చిన సంస్థ అడ్డుపడింది. ఆ ఇంటివారు నెలకు 40 డాలర్లు కట్టాలని కింది కోర్టు తేల్చింది. ఒప్పందాలను దెబ్బతీసే చట్టాన్ని రాష్ట్రాలు చేయరాదని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. అయినా 1934 జనవరిలో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి ఈ చట్టాన్ని నిలబెట్టింది. బ్లెయిస్‌డెల్ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పు ఇచ్చింది ఊపిరి పీల్చుకునేందుకు గడువు మాత్రమే. అప్పు అప్పుగానే ఉంది.

అప్పు స్వరూపాన్నే మార్చే ప్రయత్నాన్ని అధ్యక్షుడు హూవర్ 1932లో మొదలుపెట్టాడు. గృహరుణ బ్యాంకుల చట్టంలో ఇంటివాళ్ళకు నేరుగా అప్పిచ్చే వీలు కల్పించారు. షరతులు ఎంత బిగించారంటే, వచ్చిన 41 వేల దరఖాస్తుల్లో మంజూరైనవి మూడు. మూడు వేలు కాదు, మూడే.

1933 జూన్ 13న కొత్త అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకంతో గృహ యజమానుల రుణ సంస్థ పుట్టింది. దాని పద్ధతి తేటగా ఉంటుంది. ఇంటివాడి పాత అప్పుపత్రాన్ని బ్యాంకు దగ్గర సంస్థే తీసుకుంటుంది, బదులుగా ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లు ఇస్తుంది. ఆ తర్వాత ఇంటివాడికి కొత్త పత్రం రాస్తుంది: వడ్డీ 5 శాతం, గడువు 15 ఏళ్ళు, నెలకింతని సమానమైన వాయిదాలు, ప్రతి వాయిదాలో కొంత అసలు. ఇంటి విలువలో 80 శాతం దాకా, 14 వేల డాలర్లకు మించకుండా అప్పు. విలువ కట్టేటప్పుడు ఆనాటి కుప్పకూలిన ధర ఒక్కటే చూడలేదు. కట్టుబడి ఖర్చు, గత పదేళ్ళ అద్దె ఆదాయం కూడా లెక్కలోకి తీసుకున్నారు. సుమారు 19 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 1936లో కొత్త అప్పులు ఆపేసేనాటికి పది లక్షలకు పైగా ఇళ్ళకు మూడు వందల కోట్ల డాలర్లకు మించిన రుణం అందింది. ఒక దశలో దేశమంతటా 20 వేల మందికి పైగా సిబ్బంది ఈ పనిలో ఉన్నారు.

దీన్ని దానధర్మంగా చూడకూడదు. వాయిదాలు ఆగితే ఈ సంస్థ కూడా జప్తు చేసింది. సాధారణంగా ఏడాదికి పైగా ఓపిక పట్టాకే చేసినా, చివరి లెక్కలో రెండు లక్షల దాకా ఇళ్ళు దాని చేతికి వచ్చాయి. 1939లో వడ్డీని నాలుగున్నర శాతానికి తగ్గించి, అవసరమైన వాళ్ళకు గడువును 25 ఏళ్ళకు పొడిగించారు. 1951లో ఖాతాలు మూసినప్పుడు సంస్థకు స్వల్ప లాభమే మిగిలింది.

మచ్చ కూడా ఉంది. 1935 తర్వాత ఈ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించింది. రుణానికి భద్రమైన పేటలకు ఆకుపచ్చ, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. నల్లజాతివారు నివసించే పేటలకు దాదాపు ఎప్పుడూ ఎరుపే. సంస్థ అప్పుల్లో ఎక్కువ భాగం పటాలకు ముందే ఇచ్చేసింది, వాటిలో నల్లజాతివారికి ఇచ్చినవీ ఉన్నాయి. అయినా ఆ ఎరుపు ఆనాటి రుణ వ్యవస్థ మొత్తం చూపుకు సాక్ష్యం. 1934లో పుట్టిన సమాఖ్య గృహ పాలనా సంస్థ తన రుణ బీమాలో అదే వివక్షను దశాబ్దాలపాటు నియమంగా పాటించింది. ఇళ్ళ విషయంలో జాతివివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు.

1929లో మొదలైన ఆ ఆర్థిక మాంద్యం మన గడపా తొక్కింది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తా, రాయలసీమ రైతులకు రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన బాకీల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసి, అసలు కడితే చాలంది. అప్పటికే అసలుకు రెట్టింపు కట్టిన రైతుకు బాకీ తీరినట్టే. అక్కడ ప్రభుత్వం పత్రం కొనుక్కుంది, ఇక్కడ శాసనంతో వడ్డీ కోసింది. రెండుచోట్లా అప్పిచ్చినవాడి దయాదాక్షిణ్యాలకు వదలలేదు.

2006లో అమెరికాలో ఇళ్ళ ధరలు శిఖరాన్ని తాకి జారడం మొదలైంది. 2012కల్లా నాలుగో వంతుకు పైగా పడిపోయాయి. కోటికి పైగా ఇళ్ళ మీద అప్పు ఇంటి విలువను మించిపోయింది. అప్పటికి అప్పుపత్రం స్థానిక బ్యాంకు బీరువాలో లేదు. వేల పత్రాలను కట్టగట్టి బాండ్లుగా ప్రపంచమంతా అమ్మేశారు. ఇంటివాడికి కనిపించేది వాయిదాలు వసూలు చేసే సర్వీసర్ ఒక్కడే. 2008లో తెచ్చిన ఒక పథకం నాలుగు లక్షల కుటుంబాలను ఆదుకుంటుందని అంచనా వేశారు. అది వెయ్యి మందికి కూడా అందలేదు.

2009 ఫిబ్రవరి 18న అరిజోనాలోని మెసాలో ఒబామా కొత్త పథకం ప్రకటించాడు. దాని ముఖ్య భాగమైన హాంప్ కింద నెల వాయిదాను ఇంటి ఆదాయంలో 31 శాతానికి దించాలి. అందుకు వడ్డీని 2 శాతం దాకా తగ్గించవచ్చు, గడువును 40 ఏళ్ళకు పొడిగించవచ్చు. మూడు నెలలు సక్రమంగా కడితే మార్పు శాశ్వతం. ముప్పై నలభై లక్షల కుటుంబాలు లక్ష్యం. మర్నాడే షికాగో ఎక్స్చేంజి నుంచి రిక్ శాంటెల్లి అనే టీవీ వ్యాఖ్యాత, పొరుగువాడి అప్పు మేమెందుకు కట్టాలని విరుచుకుపడ్డాడు. టీ పార్టీ ఉద్యమానికి ఆ విసురు ఒక నిప్పురవ్వ అయింది.

పథకం దెబ్బతిన్నది మాత్రం వేరే చోట. అప్పు మార్చాలా వద్దా అన్న నిర్ణయం సర్వీసర్ల చేతిలో పెట్టారు. ఒక అప్పు మారిస్తే ప్రభుత్వం వెయ్యి డాలర్ల ప్రోత్సాహకం ఇచ్చింది. కానీ ఆలస్య రుసుములు, జప్తు ఖర్చులు రాబట్టుకునే సంస్థకు జాగు చేయడమే గిట్టుబాటు. పే స్లిప్పులు, పన్ను పత్రాలు పంపితే పోయాయన్నారు, మళ్ళీ పంపితే పాతబడ్డాయన్నారు. ఒక విభాగం దరఖాస్తు పరిశీలిస్తుంటే మరో విభాగం ఇల్లు వేలం వేసింది. 2009 ఆఖరుకు శాశ్వతమైన మార్పులు 70 వేల లోపే. 2010లో ఇంకో గుట్టు బయటపడింది: జప్తు అఫిడవిట్ల మీద చదవకుండానే వేల సంతకాలు పెట్టారు. 2012లో అయిదు పెద్ద సంస్థలు 49 రాష్ట్రాలతో, కేంద్ర ప్రభుత్వంతో 2,500 కోట్ల డాలర్ల రాజీకి వచ్చాయి. 2016 ఆఖరున హాంప్ ముగిసేసరికి అందులో శాశ్వతంగా మారిన అప్పులు సుమారు 17 లక్షలు. తక్కువేమీ కాదు, కానీ మాట ఇచ్చిన దాంట్లో సగమే.

ఆ అనుభవం వృథా పోలేదు. వాయిదా తప్పి 120 రోజులు దాటనిదే జప్తు మొదలుపెట్టరాదని, పూర్తి దరఖాస్తు పరిశీలనలో ఉండగా వేలం వైపు కదలరాదని 2014 నుంచి నిబంధనలు వచ్చాయి. 2020 మార్చి 27న కోవిడ్ సాయం చట్టం ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వ అండ ఉన్న ఇంటి అప్పు అయితే, కోవిడ్ వల్ల కష్టంలో ఉన్నానని ఇంటివాడు చెబితే చాలు, 180 రోజుల విరామం. అడిగితే మరో 180 రోజులు. ఆదాయ పత్రాలు అక్కర్లేదు. ఆ జూన్‌లో సుమారు 43 లక్షల కుటుంబాలు ఈ వెసులుబాటులో ఉన్నాయి. విరామం ముగిశాక ఆగిన వాయిదాలను చాలామందికి అప్పు చివరికి జరిపారు. అప్పుడు ఇళ్ళ ధరలు పెరుగుతుండటం కలిసొచ్చిన మాట నిజమే. అయినా ముందు దశాబ్దం నాటి జప్తుల వరద మళ్ళీ రాలేదు.

సరిగ్గా అదే రోజున, 2020 మార్చి 27నే, మన రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది, తర్వాత ఇంకో మూడు నెలలు పొడిగించింది. హైదరాబాదులో, విజయవాడలో ఈఎంఐ ఆపుకున్నవాళ్ళకు ఊరట దొరికింది కానీ, వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ వేయడంపై కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఆరు నెలల కాలానికి చక్రవడ్డీ వసూలు చేయరాదని, చేసి ఉంటే సర్దుబాటు చేయాలని 2021 మార్చిలో కోర్టు తీర్పిచ్చింది. మొత్తం వడ్డీ మాఫీకి మాత్రం ఒప్పుకోలేదు.

1933లో నిర్ణయం ప్రభుత్వ సంస్థది, 2009లో వసూళ్ళ సంస్థది, 2020లో ఇంటివాడిదే. డబ్బు మూడుసార్లూ ఉంది. సాయం ఎంత వేగంగా గడప చేరిందన్నది ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే తేలింది. ఈ సభలో బ్యాంకు ఉద్యోగులున్నారు, న్యాయవాదులున్నారు, ఇంకా వాయిదాలు కడుతున్నవాళ్ళూ ఉన్నారు. రేపు మన దగ్గర ఇలాంటి పథకం ఏదైనా ప్రకటించిన రోజున కేటాయింపు ఎన్ని కోట్లని అడిగే ముందు ఈ మూడూ అడగండి: దరఖాస్తు మీద సంతకం పెట్టేది ఎవరు, ఎన్ని రోజుల్లో పెట్టాలి, తిరస్కరిస్తే ఎవరికి మొరపెట్టుకోవాలి. వాటికి రాతపూర్వకంగా జవాబు లేని పథకాన్ని ఒప్పుకోకండి.