నడుము వాల్చే హక్కు

ఇవాళ్టి నుంచి నాతోటి నర్సులైన చెల్లెళ్లకు, తమ్ముళ్లకు శుభాకాంక్షలు.

నాది తర్లగూడ. హైదరాబాదు నుంచి భోపాలపట్నం పోయే 163వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టేది మా ఊరి దగ్గరే. ఇవతల వాజేడు, పూసూరు, గోదావరి వంతెన, ఏటూరునాగారం. సంక్రాంతి దాటిందంటే మా బీజాపూర్ జిల్లా పల్లెల జనం మూటాముల్లె సర్దుకుని మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు వస్తారు. చాలాచోట్ల కూలి కిలోల లెక్కన. గట్టున కాసేపు కూర్చుంటే ఆ మేరకు కూలి పోయినట్టే. మా అమ్మ కూడా ఆ చేలల్లో పనిచేసింది. చీకటితో లేచి వండేది, పొద్దంతా వంగి ఏరేది, రాత్రి మళ్లీ పొయ్యి ముందు కూర్చునేది. పడుకునేముందు మంట పుట్టే చేతులకు తడిగుడ్డ చుట్టుకునేది.

‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అంటారు. ఈ సామెతలో రెండో సగం నాకు మింగుడుపడదు. కూలీలు ఎక్కడ పడేస్తే అక్కడ నిద్రపోతారులే అనుకోవడానికి మనకు అదొక సాకైంది. గాఢంగా నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. మార్చి నెలలో టార్పాలిన్ గుడిసెలో, దోమల మధ్య అదెలా దిగుతుంది? మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. నిద్రలోనే అది తగ్గుతుంది. టీ తాగితే దాని ప్రభావం కాసేపు తెలియదు, అంతే. బాకీ బాకీగానే ఉంటుంది.

2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ఈ మిరప చేల నుంచే 12 ఏళ్ల పాప ఒకతి తోటి కూలీలతో కలిసి బీజాపూర్ వైపు నడక మొదలుపెట్టింది. మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా ప్రాణం వదిలింది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోయి ఉంటాయని వైద్యులు చెప్పారు. అలసట మనిషిని చంపుతుందా అని ఎవరైనా అడిగితే నాకు ఆ పాపే గుర్తొస్తుంది.

రేపటి నుంచి మీ దగ్గరకు ‘ఒళ్లంతా నీరసం సిస్టర్’ అంటూ ఎందరో వస్తారు. బలం మాత్రలు చేతిలో పెట్టి పంపేయకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మా అడవి పల్లెల్లో మలేరియా ఉంది, సికిల్ సెల్ ఉంది. వీటి వల్ల వచ్చే నీరసం ఎంత పడుకున్నా తీరదు. అందుకే ముందు రక్తపరీక్ష చేయించండి. ఆ తర్వాత, రాత్రి ఎప్పుడు పడుకుంటావు, ఎక్కడ పడుకుంటావు, నిన్నెవరు లేపుతారు అని అడగండి. ఈ మూడో ప్రశ్నకు ఆడవాళ్లు చెప్పే జవాబు ఓపిగ్గా వినండి.

మీ నిద్ర సంగతీ చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వరుసగా నాలుగో నైట్ డ్యూటీ చేస్తున్నాను. తెల్లవారుజామున ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ పట్టుకుని మరొకరి మంచం దగ్గర నిలబడ్డాను. ‘నాకు సూదులు ఆపేశారు కదమ్మా’ అందా పెద్దామె. ఆ మాటే మా ఇద్దరినీ కాపాడింది. ఆ రోజంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఒంట్లోని గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. పగలు పడుకోవడమంటే ఆ గడియారానికి ఎదురీదడమే. కాబట్టి నైట్ డ్యూటీ చేసి వచ్చాక గది చీకటి చేసుకోండి, ఫోను బయట పెట్టండి, లేపొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి. దీనికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఢిల్లీ రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్నవాళ్లపై పోలీసులు విరుచుకుపడిన కేసులో, నిద్ర కూడా 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మిరప చేను దాకా రావాలంటే ఎవరో ఒకరు మోసుకురావాలి.

ఆ పని మీరు చేయాలని అడగడానికే వచ్చాను. వచ్చే సంక్రాంతి తర్వాత మీరు ఏ ఆరోగ్య కేంద్రంలో ఉన్నా, ఒక సాయంత్రం మిరప కూలీల గుడిసెల దగ్గరకు వెళ్లండి. తాగే నీళ్లు ఉన్నాయా, దోమతెరలు ఉన్నాయా, మధ్యాహ్నం ఎండలో కాసేపు నడుము వాల్చేందుకు నీడ ఉందా చూడండి. లేకపోతే రైతుతో మాట్లాడండి. ఆయనా అప్పుచేసి సాగు చేస్తున్నవాడే, నెమ్మదిగా చెబితే వింటాడు. అక్కడ తర్లగూడ వాళ్లెవరైనా కనబడితే, నేను అడిగానని చెప్పండి.