చలికాలపు పొగ – మన ఊపిరితిత్తులు
(ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మీకు ముందుగా ఒక ప్రశ్న. మన లాల్‌గడి మలక్‌పేట్‌లో పొయ్యిలు ఏడాది పొడవునా మండుతాయి. రాజీవ్ రహదారి మీద లారీలు పన్నెండు నెలలూ తిరుగుతాయి. మరి దగ్గు, ఆయాసం మాత్రం దీపావళి దాటిన దగ్గర నుండి ఎందుకు ఎక్కువవుతాయి? "చలి పడలేదు" అని సరిపెట్టుకుంటాం. చలి, జలుబు కొంత కారణమే. ఇంకొక కారణం మనం పీల్చే గాలిలో ఉంది.

మన నేల, మన గాలి

మనం దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నాం. విశాఖపట్నం వంటి ఊళ్లకు పగటిపూట సముద్రపు గాలి వీస్తుంది. మనకు ఆ సదుపాయం లేదు. మన గాలిని శుభ్రం చేసేవి మూడే: ఎండ, ఈదురు, వాన.

ఎండాకాలంలో నేల కాగి, వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. దానితోపాటు పొగ కూడా పైకి పోయి పలచబడుతుంది. అయితే మట్టి రోడ్ల దుమ్ము, కంకర మిషన్ల దుమ్ము ఎక్కువ. వానాకాలంలో, అంటే జూన్ నుండి సెప్టెంబరు వరకు, నైరుతి గాలులు బలంగా వీస్తాయి, వాన గాలిని కడుగుతుంది. ఏడాదిలో మనకు మంచి గాలి దొరికేది అప్పుడే. కాకపోతే గోడల చెమ్మ, బూజు, వయ్యారిభామ పుప్పొడి ఆస్తమా ఉన్నవారిని బాధిస్తాయి.

చలికాలంలో ఆ మూడు సాయాలూ ఒకేసారి తగ్గిపోతాయి. వాన ఉండదు, గాలి కదలదు, ఎండకు బలం ఉండదు. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా కిందనే ఉండిపోతుంది. దాని పైన వెచ్చని గాలి పొర కుండ మీద మూతలా నిలుస్తుంది. సాయంత్రం వేసిన చెత్త మంట, చలిమంట, కోతల తర్వాత కాల్చిన కొయ్యకాళ్ల పొగ, లారీల పొగ అన్నీ ఆ మూత కిందే తిరుగుతాయి. పొద్దెక్కి నేల వేడెక్కితేనే ఆ మూత తొలగుతుంది. ఉదయం మనం "మంచు" అనుకునే దానిలో పొగ కూడా ఉందని గమనించండి.

దీన్ని తేలికగా తీసుకోకండి. 1952 డిసెంబరులో లండన్ నగరం మీద ఇటువంటి మూతే అయిదు రోజులు నిలిచింది. బొగ్గు పొగ పైకి పోలేదు. సుమారు 4,000 మంది మరణించినట్లు అప్పట్లో లెక్కించారు. తర్వాతి పరిశోధకులు 12,000 వరకు ఉండవచ్చని అంచనా వేశారు.

పొగలోని అతి సన్నని కణాలు, అంటే 2.5 మైక్రాన్ల లోపువి, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల లోతుకు చేరి, గుండెకు కూడా హాని చేస్తాయి. వీటికి మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 10 నుండి 5కు తగ్గించింది. కొద్దిపాటి పొగ కూడా మంచిది కాదని దీని అర్థం.

మనం ఏమి చేయాలి?

1. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు తెల్లవారుజామున నడకకు వెళ్లకండి. ఎండ బాగా వచ్చాక వెళ్లండి. ముసలివారికి, ఆయాసం ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

2. చెత్త, ఆకులు, ప్లాస్టిక్ ఏ వేళలోనూ కాల్చవద్దు. భోగి మంటలో టైర్లు వేయవద్దు. కొయ్యకాళ్లను కాల్చకుండా నేలలో కలియదున్నండి.

3. కట్టెల పొయ్యి తప్పనిసరి అయితే ఆరుబయట పెట్టుకోండి. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చోకండి. వాకిలి నీళ్లు చల్లి ఊడవండి.

4. ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు మోటు దుమ్మును కొంత ఆపుతుంది గాని సన్నని పొగను ఆపదు.

5. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అనే మాట నిజం కాదు. మృగశిర కార్తెకు చేప మందు మింగినవారు కూడా డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్‌ను మానకూడదు.

6. దగ్గు రెండు వారాలు దాటితే పొగ వల్లనే అనుకోకండి. కళ్లె పరీక్ష చేయించుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు: బిడ్డ ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, పెద్దవారు ఒక మాట పూర్తిగా చెప్పలేకపోవడం. ఇవి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఋతువును మనం మార్చలేము. గాలి మీద పడే మూతను ఎత్తలేము. కాని ఆ మూత కింద మంట పెట్టకుండా ఉండటం మన చేతిలోనే ఉంది. ఈ సాయంత్రం మీ వాకిట్లో చెత్తకు అగ్గిపుల్ల గీసే ముందు, పక్కింట్లో దగ్గుతున్న పెద్దమ్మను ఒక్కసారి తలచుకోండి.