జరిగిపోయిన పనిని ఇంగ్లీషులో చెప్పడం



దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ క్యాంపుల్లో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్లం ఉన్నాం, కోనసీమ, కడప వాళ్లం ఉన్నాం. సైట్‌లో పని నడవడానికి హిందీతో సరిపోతుంది. కానీ దెబ్బ తగిలినప్పుడు రాసే ఇన్సిడెంట్ రిపోర్ట్ ఇంగ్లీషులో ఉంటుంది. జీతం రాలేదని ఆఫీసుకు పెట్టే ఈమెయిల్ కూడా అంతే. ఈ రెండిట్లో మనం చెప్పేది జరిగిపోయిన సంగతే. అందుకని గ్రామర్ అంతా వదిలేసి, సింపుల్ పాస్ట్ ఒక్కటే మాట్లాడుకుందాం.

వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు. ఎవరు వచ్చారో మన క్రియ చివరే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో అన్నిటికీ 'కేమ్' ఒక్కటే. ఈ విషయంలో మన భాష కన్నా ఇంగ్లీషే తేలిక! కాకపోతే ఎవరన్నది ముందు చెప్పాలి. 'ఎస్టర్‌డే కేమ్' అంటే నువ్వొచ్చావో, ఫోర్‌మన్ వచ్చాడో తెలియదు.

చాలా క్రియలకు చివర ఈ, డీ అక్షరాలు చేరతాయి. ఫిక్స్‌ట్, క్లీన్‌డ్, లిఫ్టెడ్. 'ఎడ్' అని విడిగా పలికేది చివర ట, డ శబ్దం ఉన్నవాటికే. ఫిక్సెడ్ అన్నా అర్థమవుతుంది, సిగ్గుపడాల్సిన పని లేదు. ఫాల్ ఫెల్ అవుతుంది, బ్రేక్ బ్రోక్ అవుతుంది, టెల్ టోల్డ్ అవుతుంది. ఇవి బట్టీ పట్టాల్సిందే, వేరే దారి లేదు.

కట్, హిట్, హర్ట్ అసలు మారవు. చూడండి, దెబ్బలకు వాడే మాటలే ఇవి. మాటలో కాలం తెలియదు గనుక తేదీ, టైమ్ చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. జూలైలో ఒంటిగంటకు బయట దెబ్బ తగిలితే ఆ టైమ్ రిపోర్ట్‌లో పడాలా, వద్దా?

మనోళ్లు ఎక్కువగా తడబడేది 'లేదు' దగ్గర. 'డిడ్ నాట్ పెయిడ్' అంటారు. డిడ్‌లోనే జరిగిపోయిన కాలం ఉంది, పక్కన 'పే' చాలు. 'కంపెనీ డిడ్ నాట్ పే మార్చ్ శాలరీ.' ఇదే 'డజ్ నాట్ పే' అని రాస్తే ఎప్పుడూ ఇవ్వదు అన్నట్టు అవుతుంది. 2009లో మొదలైన డబ్ల్యూపీఎస్ పద్ధతిలో ఏ నెల జీతం పడిందో రికార్డు ఉంటుంది. ఫిబ్రవరిది పడింది కదా అని చూపిస్తే మన మాట తప్పిపోతుంది. మార్చ్ ఇవ్వలేదు అని రాస్తే అదే రికార్డు మనకు సాక్ష్యం.

ఇంకోటి, అన్నిటికన్నా ప్రమాదం. ఒక సైట్‌లో స్టీల్ ఫిక్సర్ తమ్ముడు పడ్డాడు. 'డిడ్ంట్ దే గివ్ యూ ఎ హార్నెస్?' అని అడిగారు. మనం తెలుగులో 'ఇవ్వలేదా?' అంటే 'అవును, ఇవ్వలేదు' అంటాం కదా. అదే లెక్కన 'ఎస్, ఎస్' అన్నాడు. ఇంగ్లీషులో ఆ ఎస్‌కు ఇచ్చారనే అర్థం. కాగితం మీద హార్నెస్ ఇచ్చినట్టు పడింది, వేసుకోని తప్పు తమ్ముడిదైంది. పక్కనున్న మేము అడ్డుపడి తిరగరాయించాం. పక్కన ఎవరూ లేకపోతే? అందుకే ఎస్, నో ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. 'నో, దే డిడ్ నాట్ గివ్' అని పూర్తిగా చెప్పండి. సంతకానికి ముందు చదివి వినిపించమనండి, హిందీలో అర్థం అడగండి. అడిగితే ఆఫీసర్ విసుక్కుంటాడేమో, విసుక్కోనీయండి.

'హ్యావ్' సంగతి మరోసారి చూద్దాం. ఈలోగా రాత్రి డ్యూటీ దిగాక, ఆ రోజు చేసిన మూడు పనులు, చేయని రెండు పనులు రూమ్‌మేట్‌కు ఇంగ్లీషులో చెప్పండి. చేయనివి తప్పకుండా చెప్పండి, 'డిడ్ నాట్' నోటికి అలవాటయ్యేది వాటితోనే.