కమీషన్ పోయే చోట నిలబడేవాడే మన మనిషి

(కాశీబుగ్గలో ఉద్దానం గ్రామాల కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి మాట్లాడతామంటే భూస్వామి గురించి చెబుతామనుకొని వచ్చి ఉంటారు. ఈరోజు ఆ మాట కాదు. భూమికీ మనకీ మధ్యన నిలబడే మనిషి గురించి మాట్లాడుకుందాం. బ్రోకరు అనండి, దళారి అనండి. ఇప్పుడతను కార్డు అచ్చేయించుకొని రియల్ ఎస్టేట్ ఏజెంటునంటున్నాడు. ఎవరి చేతిలో మన పట్టా కాగితం పెట్టాలి, ఎవరి వెనకాల నడిచి ఇల్లు చూసుకోవాలి అన్నదే ఈనాటి సంగతి.

ఇదేమన్నా ఉద్యమం మాటా అని కొందరు నవ్వుతున్నారు. నవ్వకండి. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురు దళితులను చంపింది దేనికోసం? మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమి కోసం. భూమి మాట మనకి ఎప్పుడూ ప్రాణం మాటే.

మన ప్రాంతం ఇప్పుడెలా ఉందో చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. నిలబడ్డ చెట్టు కింద బతికినవాడు వలస పోయాడు. కిడ్నీ జబ్బు పట్టిన ఇళ్ళు వైద్యానికి సెంటు సెంటు చొప్పున అమ్ముకున్నాయి. ఇంకోపక్క సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. మందస, వజ్రపుకొత్తూరు వైపు విమానాశ్రయం ప్రతిపాదన వచ్చింది. పోర్టు పేరు చెప్పి, రోడ్డు పేరు చెప్పి తోటల్లో రాళ్ళు పాతుతున్నారు. అవసరం ఒకవైపు, ఆశ ఒకవైపు. ఆ రెండింటి మధ్యనే బ్రోకరు కాలు పెడతాడు.

మా అనుభవం ఒకటి చెబుతాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో టెక్కలిలో అద్దె ఇంటికి తిరిగాం. ఒక బ్రోకరు మూడు ఇళ్ళు చూపించాడు. మొదటి ఇంటామె అరుగు మీంచే అడిగింది, "మాస్టారూ, మీరేటోళ్ళు?" అని. మేము నిజమే చెప్పాం. "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు ఖాళీ లేదు" అంది. రెండో చోటా అదే మాట. మూడో ఇంటికి వెళ్ళబోతూ దారిలో బ్రోకరు మెల్లగా అన్నాడు: "మాస్టారూ, ఈసారి ఇంకేదైనా కులం చెప్పేద్దురూ. మీకు ఇల్లు, నాకు నా డబ్బులు."

అతను చెడ్డవాడు కాడు. మంచినీళ్ళు ఇప్పించాడు, సైకిలు మీద తిప్పాడు. కానీ మా ఆత్మగౌరవాన్ని తన నెల కమీషనుకి సరిపెట్టుకోమన్నాడు.

బాబాసాహెబు అమెరికాలో, లండనులో చదివి 1917లో బరోడా సంస్థానం ఉద్యోగానికి వెళ్తే ఉండడానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. అంతటి చదువుకే గది లేనప్పుడు మా బి.యిడి. ఎంత! అయితే ఆయన అక్కడితో ఆగలేదు, మనమూ ఆగకూడదు.

చట్టం ఏమంటుందో కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను ప్రకారం అంటరానితనం కారణంగా ఎవరినైనా ఒక ప్రాంతంలో ఇల్లు కట్టుకోనివ్వకపోవడం, సంపాదించుకోనివ్వకపోవడం, కాపురం ఉండనివ్వకపోవడం నేరం. కానీ "మా అబ్బాయి వస్తున్నాడు" అన్న మాటనే ఇంటివాళ్ళు కోర్టులోనూ చెబుతారు. ఆ మాట వెనకున్న అసలు మాట విన్న సాక్షి ఒక్కడే, బ్రోకరు. అతను నోరు విప్పితే చట్టం బతుకుతుంది, మూస్తే చస్తుంది. 2016లో రియల్ ఎస్టేటుకి రెరా చట్టం వచ్చింది. పెద్ద లేఅవుట్లలో ప్లాట్లు అమ్మించే ఏజెంటు రిజిస్టరు కావాలంది, అబద్ధపు ప్రకటనలు చేయొద్దంది. మంచిదే. కానీ కులం అడిగి ఇల్లు చూపించే ఏజెంటు గురించి అందులో ముక్క లేదు. అమెరికాలో నల్లవాళ్ళకి నల్లవాళ్ళ పేటల్లోనే ఇళ్ళు చూపించే బ్రోకర్లు ఉండేవారు. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, అక్కడ ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. బ్రోకర్లకి కూడా అది వర్తిస్తుంది. మనకి అలాంటిది కావాలని అడగాల్సిన రోజు ఇది.

అయితే మన కులం బ్రోకరునే పెట్టుకుంటే సరిపోదా అంటారు. ఇక్కడే మేము దెబ్బతిన్నాం.

మా నాయనకి ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా జీడి తోట ఉండేది. మా పేటవాడే, మా నాయనని "చిన్నాన్నా" అని పిలిచినవాడే, వచ్చి కూర్చున్నాడు. "చిన్నాన్నా, ఎందుకూ పనికిరాని ఇసక నేల. వచ్చిన కాడికి పుచ్చుకో, నేనున్నాను కదా" అన్నాడు. తెల్ల కాగితం మీద మా నాయన వేలిముద్ర పడింది. మేము సెలవులకి వచ్చేసరికి తోట చుట్టూ కంచె ఉంది. 1977 నాటి 9వ చట్టం ప్రకారం ఎసైన్డు భూమి అమ్మకం చెల్లదు, అధికారులు దాన్ని వెనక్కి తీసుకొని పేదకి ఇవ్వాలి అని మేము చదివి ఉన్నాం. చదివినవాడి దగ్గర చట్టం ఉంది, కొన్నవాడి దగ్గర కంచె ఉంది. ఎన్ని అర్జీలు పెట్టినా ఆ కంచె ఈరోజుకీ ఉంది. మా నాయన పోయేదాకా ఆ దారిన నడవలేదు.

2023లో ఆ చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన ఎసైన్డు భూములకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. అప్పుడు బ్రోకర్లు పేటల్లోకి పరిగెత్తుకొచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అలాంటి రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. చట్టం అటు తిరిగినా ఇటు తిరిగినా, ముందు వేలిముద్ర వేసినవాడే నష్టపోతున్నాడు.

"పనికిరాని నేల" అన్న మాట కూడా మరచిపోకండి. సోంపేట బీలని అలాగే అన్నారు, కాకరాపల్లి తంపరని అలాగే అన్నారు. 2010 జులై 14న ఒకచోట, 2011 ఫిబ్రవరి 28న ఇంకోచోట పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. చేపకి, గడ్డికి, నీటికి పనికొచ్చే నేల పనికిరానిదెలా అయింది? మన నేలను మన ముందే తక్కువ చేసి మాట్లాడినవాడు మన కులంవాడైనా మన మనిషి కాడు.

మరి మన మనిషెవరు? అది కూడా అనుభవంతోనే చెబుతాం. కొన్నేళ్ళకి పలాసలో ఇంటి కోసం తిరిగాం. ఈసారి బ్రోకరు మన కులం కాదు. జీడి బట్టీలో పనిచేసి మానేసిన మనిషి. ఇంటాయన గుమ్మంలో కులం అడగబోతుంటే ఇతనే అడ్డుపడ్డాడు. "బావూ, అద్దె ఎంతో అడుగు, అడ్వాన్సు ఎంతో అడుగు. అది అడిగితే నీ ఇల్లు ఇంకెవులికీ చూపించను" అన్నాడు. ఇల్లు దొరకలేదు. అతని కమీషనూ పోయింది. ఆ ఇంటాయన పనులు తర్వాత కూడా అతనికి రాలేదు. టీ తాగుతూ అన్నాడు, "పోనీండి మాస్టారూ, రేపు ఇంకొకటి చూద్దాం." మర్నాడు చూపించిన ఇంట్లోనే మేము ఏడేళ్ళు ఉన్నాం.

జై భీమ్ అన్నంత మాత్రాన, ఇంట్లో అంబేడ్కర్ పటం పెట్టినంత మాత్రాన విలువలు తెలియవు. కమీషన్ పోయే చోట మనిషి ఏం చేస్తాడో చూడాలి. అక్కడ నిలబడేవాడే మన మనిషి.

దాన్ని ఎలా కనిపెట్టాలి? పని అప్పగించే ముందే అడగండి. "కులం చూసి ఇల్లిచ్చేవాడి ఇల్లు నువ్వు చూపిస్తావా?" అనండి. నసిగితే లేచి వచ్చేయండి. రెండో సంగతి, మీ వైపునుంచి ఎంత, అవతలివైపునుంచి ఎంత తీసుకుంటున్నాడో మీ ముందే చెప్పమనండి. రెండు పక్కలా తిని ఒక పక్కకే చెప్పేవాడు అమ్మేసేది మిమ్మల్నే. మూడు, ఈసీ, 1బి, అడంగల్, లింకు దస్తావేజులు తనే తెచ్చి ఇస్తున్నాడా, 22ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో చూసి చెబుతున్నాడా, లేఅవుటు అయితే అనుమతి కాగితం, రెరా నంబరు చూపిస్తున్నాడా చూడండి. నాలుగు, "ఈరోజే బయానా ఇవ్వాలి, రేపటికి ఉండదు" అన్నవాడితో రేపే మాట్లాడండి. చదువుకున్న పిల్ల కూర్చోకుండా, ఆమె పైకి చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టకండి. ప్రతి పేటలో ఇద్దరు పిల్లలు ఈ పనికి తయారు కావాలి. అందులో ఒకరు ఆడపిల్ల కావాలి.

చివరగా ఒక చేదు మాట. మనలో ఇద్దరు ముగ్గురు ఇళ్ళు కట్టుకొని పై వాటా అద్దెకిస్తున్నారు. బ్రోకరుతో ఏమంటున్నాం? మాల ఇంట్లో మాదిగ వద్దు, పైడి ఇంట్లో రెల్లి వద్దు, దండాసి అసలే వద్దు అంటున్నామా లేదా? తలొంచుకోకండి, చెప్పండి. టెక్కలి అరుగు మీద మమ్మల్ని అడిగిన ప్రశ్న మన అరుగు మీద మనమే అడిగితే, ఆ బ్రోకరు మన విలువలనే మోస్తున్నాడు. మంచి బ్రోకరు కావాలంటే ముందు అతని దగ్గర మంచి ఇంటి యజమానులుండాలి. మన అరుగు మీద ఆ ప్రశ్న ఈ రాత్రితో ఆగాలి.

జై భీమ్.