పాలపిట్ట దర్శనము – మన ధర్మము

(విజయదశమి సందర్భమున తాండూరు భక్తుల కొరకు ఉద్దేశించిన ఉపన్యాస పాఠము)



విజయదశమి నాటి సాయంకాలము మనమందరము ఊరి పొలిమేరకు పోయి జమ్మిచెట్టును పూజింతుము. పిమ్మట పాలపిట్ట కనబడునా యని ఆకసము వంక చూతుము. అజ్ఞాతవాసము ముగించిన పాండవులు జమ్మిపై దాచిన ఆయుధములను గైకొని మరలునపుడు ఈ పక్షి కనబడెననియు, అది విజయసూచకమయ్యెననియు మన పెద్దలు చెప్పుదురు. 2014లో తెలంగాణ ఏర్పడిన పిమ్మట ప్రభుత్వము పాలపిట్టనే రాష్ట్ర పక్షిగా ప్రకటించినది.

అయితే ఈ పుణ్యదర్శనము పేరిట జరుగుచున్న పాపమును మనము గుర్తింపవలసి యున్నది. పండుగకు కొన్ని దినములు ముందుగనే కొందరు వలలతోను, జిగురుతోను ఈ పక్షులను పట్టుదురు. ఎగిరిపోకుండ ఈకలు కత్తిరించి, కాళ్లకు దారము గట్టి, పంజరములలో జనుల ముందుకు తెచ్చెదరు. మనము పైకమిచ్చి చూచి, నమస్కరించి ఇంటికి పోవుదుము. నీరు, మేత లేక డస్సిన పక్షులు ప్రాణములు విడుచును. కొని విడిచిపెట్టిన పుణ్యమే కదా యని కొందరందురు. ఈకలు తెగిన పక్షి ఎట్లు ఎగురును? మనమిచ్చిన పైకమే మరుసటి యేడు మరియొక వలకు పెట్టుబడి యగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్లు పట్టుట నేరము. మన ధర్మము ప్రకారము హింస.

పాండవులకు కనబడిన పక్షిని ఎవరును పట్టి తేలేదు. అది తన యిచ్ఛ చొప్పున ఎగురుచు కనబడినది. కనుకనే అది శకునమైనది.

మరి ఈ పక్షిని ఎచ్చట చూడవలెను? భాగవతము ఏకాదశ స్కంధములో అవధూత యదుమహారాజునకు తన 24 గురువులను గూర్చి చెప్పెను. అందు పావురము, తేనెటీగ, లేడి, చేప కలవు. అవన్నియు ఆయన లోకములో తిరుగుచు, చూచుచు నేర్చిన పాఠములు. మనకును అట్టి పాఠశాల తాండూరు చుట్టును కలదు.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండు చేల గట్లపై ఒక ఉదయము నడచి చూడుడు. కరెంటు తీగపై మట్టిరంగున ఒక పిట్ట కదలక కూర్చుండును. ఎగిరినంతనే దాని రెక్కల నీలము కన్నుల పండువగును. పంజరములోని పక్షి ఆ నీలమును విప్పి చూపజాలదు. అది మిడుతలను, పురుగులను తిని రైతునకు మేలు చేయును. వేసవిలో తాటిమోడులలోను, ఎండిన చెట్ల తొర్రలలోను గ్రుడ్లు పెట్టును. ఏ తొర్రలో ఏ పిట్ట యున్నదో పుస్తకములకన్న చేని రైతునకు, మేకల కాపరికి బాగుగ తెలియును. వారినడిగి నేర్చుకొనుటలో మనకు చిన్నతనము లేదు.

ప్రాణిరక్షణము అధికారుల పని మాత్రమే యనుకొనరాదు. నేలపట్టు చెరువు 1976లో పక్షి సంరక్షణ కేంద్రమైనది. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరునకు ఎరువని అచ్చటి రైతులు ఎరుగుదురు. నల్లమల 1983లో పులుల అభయారణ్య పథకములో చేరినది. నరసింహస్వామిని తమ అల్లునిగా భావించు చెంచులు అచ్చట అడుగుజాడలను బట్టి పులి పోకడ చెప్పగలరు. వారిలో పలువురు అడవి కావలిలో పనిచేయుచున్నారు. ప్రాణులతో కలిసి జీవించిన వారి తెలివియే సంరక్షణకు మూలము.

కావున భక్తులారా, ఈ దసరానుండి మూడు నియమములు పాటింతము. పంజరములోని పాలపిట్టకు పైకమీయక, అట్టిది కనబడిన అటవీ శాఖవారికి తెలుపుదము. చేలగట్ల మీది తాటిమోడును, తొర్రచెట్టును నరకక నిలుపుదము. పిల్లలను పొలమునకు తీసికొనిపోయి, ఎన్ని పాలపిట్టలు కనబడెనో యేటేట వ్రాయింతము. ఒకటియు కనబడని యేడు వచ్చినచో, అదియు మనకు హెచ్చరికయే.

జమ్మి ఆకును బంగారమని పంచుకొను మనము, ఆ నీలిరెక్కలను గూడ మన బిడ్డలకు మిగిల్చి పోవుదుము గాక!

స్వస్తి.